నరం మూగబోయినప్పుడు
(ఫిజియాలజీ గురువుగారి స్మారకార్థం ఏర్పాటైన ధర్మనిధి ఉపన్యాసం, ముద్రిత పాఠం)



గురువుగారు మాకు ఫిజియాలజీ చెప్పారు. నేను మత్తు డాక్టర్నయ్యాను. ఆయన పేరున దేని గురించి మాట్లాడాలా అని ఎక్కువ ఆలోచించాల్సిన పని పడలేదు. ఆయన ల్యాబులో కప్ప కాల్లోంచి తీసి చూపించిన నరం, నేను ఆపరేషన్ థియేటర్లో మందు పెట్టి నోరు మూయించే నరం, ఊళ్లలో ఒక అజాగ్రత్త సూదికి పసిపిల్లల కాళ్లలో దెబ్బతినే నరం, మూడూ ఒకటే. అదే తుంటి నరం, పుస్తకాల్లో సయాటిక్ నెర్వ్. నడుము నుంచి కాల్లోకి గుంజే నొప్పిని సయాటికా అని పల్లెల్లో కూడా అంటున్నారు కాబట్టి ఆ మాట ఇక్కడ ఎవరికీ కొత్త కాదు.

నేను చెప్పదలచుకున్న విషయం ఇది. నరం పలకనంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. అది ఎందుకు పలకడం లేదో కనిపెట్టడం వైద్యుడి పని. ఎప్పటికి పలుకుతుందో, అసలు పలుకుతుందో లేదో రోగికి విడమరిచి చెప్పడం కూడా వైద్యుడి పనే. మొదటి పనికి పరికరాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. రెండో పనిలో మనం బాగా వెనకబడి ఉన్నాం.

ముందు ఆ నరం పోయే దారి చూద్దాం. వెన్నులో నాలుగో, ఐదో నడుము నరాల వేళ్లు, వాటి కిందున్న మూడు త్రిక నరాల వేళ్లు కలిసి ఇది తయారవుతుంది. ఒంట్లో ఇంతకన్నా లావు నరం లేదు. మొదట్లో దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కటి ఎముకల గూటిలోంచి వెనక్కి వచ్చి పిర్ర కండరాల అడుగున దిగుతుంది. కూర్చున్నప్పుడు నేలకు ఆనే ఎముక ఒకటి, తుంటి పక్కన చేతికి తగిలే ఎముక బుడిపె ఒకటి, ఈ రెంటికీ దాదాపు నడుమ నుంచి తొడ వెనక్కి వెళుతుంది. మోకాలి వెనక మడతకు కొన్ని సెంటీమీటర్ల పైన రెండుగా చీలుతుంది. టిబియల్ అనే పెద్ద పాయ పిక్కలోకి, అరికాల్లోకి పోతుంది. పెరోనియల్ అనే చిన్న పాయ మోకాలి బయటి పక్కకు తిరిగి, ఫిబ్యులా ఎముక మెడను చుట్టుకుని ముంగాలి కండరాలకు చేరుతుంది. మోకాలి కింద లోపలి వైపు ఒక పట్టీ మేర తప్ప మిగతా కాలు, పాదం మొత్తం స్పర్శా కదలికా ఈ నరం చేతిలోనే ఉన్నాయి.

నిజానికి ఈ రెండు పాయలూ తొడలో కూడా విడివిడివే, ఒకే తొడుగులో కలిసి ప్రయాణం చేస్తాయంతే. వాటిలో పెరోనియల్ పాయది దురదృష్టపు స్థానం. అది బయటి వైపుకు ఉంటుంది. దాంట్లో నరపు కట్టలు తక్కువ, ఉన్నవి లావు, వాటి నడుమ మెత్తగా కాపాడే కణజాలం కొంచెమే. పైన కటి దగ్గరా, కింద ఫిబ్యులా మెడ దగ్గరా బిగుసుకుని ఉండటం వల్ల లాగినప్పుడు సాగే వీలు తక్కువ. అందుకే తుంటి నరానికి ఎక్కడ దెబ్బ తగిలినా ఎక్కువసార్లు ముందు పోయేది పాదం పైకెత్తే శక్తి. రోగి మాత్రం అలా చెప్పడు. "చెప్పు జారిపోతోందండీ, ఎక్కడ జారిందో కూడా తెలియట్లేదు" అంటాడు. ఆ మాట వినగానే కేసు షీటు పక్కన పెట్టి అతన్ని నడిపించి చూడాలి. మోకాలు మామూలుకన్నా ఎత్తుకు లేపుతాడు, పాదం టప్పున నేలకు కొట్టుకుంటుంది. చెప్పు అడుగున ముందుభాగం అరిగిపోయి ఉంటుంది.

గురువుగారి ల్యాబు సంగతికి వస్తాను. ఇప్పటి విద్యార్థులు కంప్యూటర్ తెర మీద చూస్తున్న ప్రయోగాన్ని మేం చేతులతో చేశాం. కప్ప తుంటి నరాన్ని, దానికి అంటుకున్న పిక్క కండరాన్ని కలిపి గాజు కొక్కెంతో విడదీయాలి, ఇనప పనిముట్టు తగలనివ్వకూడదు. ఉప్పునీటితో తడుపుతూ ఉండాలి. మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే, కండరం ముడుచుకున్నప్పుడల్లా ఒక సూది మొన ఆ మసి మీద తెల్లటి గీత గీస్తుంది. నరాన్ని వెన్ను కొసన ఒకసారి, కండరం దగ్గర ఒకసారి కరెంటుతో గిచ్చేవాళ్లం. రెండు గీతలూ మొదలయ్యే చోట ఇసుమంత తేడా వచ్చేది. ఆ తేడాయే నరంలో వార్త ప్రయాణం చేసిన కాలం. ఆ ఇసుమంతను కొలవడానికి గురువుగారు భూతద్దం పట్టుకుని ప్రతి టేబుల్ దగ్గరికీ వచ్చేవారు. కొలిచిందాకా కదిలేవారు కారు.

నరాన్ని ఇలా రెండు చోట్ల గిచ్చి తేడా చూసే పద్ధతిలోనే 1850లో కోనిగ్స్‌బర్గ్‌లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో వార్త వేగాన్ని కొలిచాడు. సెకనుకు సుమారు 27 మీటర్లు అని తేల్చాడు. అతని గురువు యోహానెస్ ముల్లర్ అంతటివాడు ఆ వేగాన్ని కొలవడం మనిషికి సాధ్యం కాదనుకున్న రోజులవి. మనసులో అనుకున్నదే తడవు కాలు కదులుతుందన్న భ్రమ ఆ ఒక్క ప్రయోగంతో పోయింది. అనుకోవడానికీ కదలడానికీ మధ్య కొలవదగిన కాలం ఉంది. ఆ దారిలో ఎక్కడైనా అడ్డు పడవచ్చు. అడ్డు ఎక్కడ పడిందో కూడా కొలిచి చెప్పవచ్చు. ఈరోజు మన ఆసుపత్రుల్లో నరాల పరీక్ష అని రాసి పంపుతున్నది హెల్మ్‌హోల్ట్జ్ కొలతే.

కావాలని అడ్డు పెట్టే విద్య 1884లో మొదలైంది. వియన్నాలో కార్ల్ కోలర్ అనే యువవైద్యుడు కొకైన్ చుక్కలు కంట్లో వేస్తే కన్ను మొద్దుబారుతుందని చూపించాడు. నెలలు తిరక్కుండానే న్యూయార్క్‌లో హాల్‌స్టెడ్, అతని సహచరులు ఆ మందును నేరుగా నరాల పక్కన వేసి చూశారు. తమ ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నారు, కొకైన్‌కు బానిసలయ్యారు. మనం థియేటర్లో నిశ్చింతగా చేసే పనికి వాళ్లు చెల్లించిన మూల్యం అది. 1898లో కీల్ నగరంలో ఆగస్ట్ బియర్, అతని సహాయకుడు హిల్డెబ్రాంట్ వెన్నులో కొకైన్ ఎక్కించుకుని చూశారు. హిల్డెబ్రాంట్ ముంగాలి మీద ఇనప సుత్తితో కొట్టినా నొప్పి తెలియలేదు. 1905 నాటికి ప్రొకైన్ వాడుకలోకి వచ్చి కొకైన్ బెడద తగ్గింది. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ లిగ్నొకైన్ తయారు చేశారు. జైలొకైన్ పేరుతో 1948లో అది మార్కెట్లోకి వచ్చింది. పన్ను పీకించుకున్న ప్రతివారికీ దాని రుచి తెలుసు. తుంటి నరానికి పిర్ర వెనక నుంచి మందు వేసే పద్ధతిని 1920లలో గాస్టన్ లాబట్ తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చాడు. ఎముకల గుర్తులు చూసుకుని గీతలు గీసి, ఆ గీతలు చెప్పిన చోట సూది దించడం అతని పద్ధతి. మా తరం నేర్చుకున్నదీ అదే.

మందు చేసే పని ఇది. నరపు తీగ పొర మీద సోడియం లోపలికి వచ్చే సన్నని ద్వారాలుంటాయి. వార్త ముందుకు సాగాలంటే అవి వరసగా తెరుచుకోవాలి. మందు ముందు పొరలోంచి లోపలికి పోయి, లోపలి వైపు నుంచి ఆ ద్వారాలను మూసేస్తుంది. మైలిన్ తొడుగున్న తీగల్లో వార్త ఒక కణుపు నుంచి ఇంకో కణుపుకు దూకుతూ పోతుంది. ఒక కణుపును మూస్తే దాన్ని దాటి దూకగలదు, కాబట్టి వరసగా రెండు మూడు కణుపులు మందులో మునగాలి. తుంటి నరం లావు కాబట్టి మందు లోపలి కట్టల దాకా ఇంకడానికి సమయం పడుతుంది. సూది తీసిన ఐదు నిమిషాలకే కత్తి అందుకునే సర్జన్లకు నేను ఎన్నోసార్లు చెప్పిన మాట ఇదే. ఈ నరానికి అరగంట ఇవ్వండి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మందు పొరలోకి దూరాలంటే విద్యుదావేశం లేని రూపంలో ఉండాలి. చీము పట్టిన చోట ఆమ్లం ఎక్కువ, అక్కడ ఆ రూపం తగ్గిపోతుంది. అందుకే కుళ్లిన వేలి దగ్గర ఎంత మందు గుచ్చినా రోగి అరుస్తూనే ఉంటాడు. అదే మందును మోకాలి వెనక, ఆరోగ్యంగా ఉన్న చోట, తుంటి నరం పక్కన వేస్తే పాదం నిద్రపోతుంది. చక్కెర జబ్బుతో పాదం పాడై, గుండె కూడా బలహీనమై, పూర్తి మత్తుకు తట్టుకోలేని పెద్దవాళ్లు మన దగ్గరికి వస్తూనే ఉన్నారు. వాళ్లకు నరం పక్కన వేసే ఈ మందు, అంటే బ్లాకు, ప్రాణాధారం. లోపలి చీలమండ దగ్గర మిగిలే పట్టీకి ఇంకో చిన్న సూది వేస్తే చాలు. ఆపరేషన్ జరుగుతుంటే వాళ్లు మెలకువగా, మనతో మాట్లాడుతూ ఉంటారు.

మాట్లాడుతూ ఉంటారని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మత్తు వైద్యంలో హైదరాబాదుకు పెద్ద చరిత్ర ఉంది. నిజాం ఖర్చుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888లో, 1889లో రెండు క్లోరోఫామ్ కమిషన్లు ఇక్కడే పని చేశాయి. రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫామ్ ఇచ్చిన తొలి మహిళల్లో ఒకరుగా పేరు తెచ్చుకున్నదీ ఇక్కడే. క్లోరోఫామ్ ముందు ఊపిరిని ఆపుతుంది తప్ప నేరుగా గుండెను ఆపదని ఆ కమిషన్లు ఖాయం చేశాయి. 1911లో లెవీ అనే పరిశోధకుడు అది తప్పని, తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని నిరూపించాడు. ఎంత శ్రద్ధతో చేసిన పరిశోధనైనా, తేల్చేసిన మాటను మళ్లీ మళ్లీ పరీక్షించుకోవాలని ఆ కథ మనకు నేర్పింది. మెలకువగా ఉన్న రోగి విషయంలో ఆ పరీక్షకుడు రోగే. సూది దిగుతుంటే కాల్లోకి కరెంటు షాకులా కొట్టిందని అతను అంటే, ఆగాలి. సూది వెనక్కి తీయాలి. ఎందుకు కొట్టిందని వాదించకూడదు.

ఇప్పుడు మందు మూసిన నరానికీ, నొక్కుడుతో మూసుకుపోయిన నరానికీ తేడా చూద్దాం. బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది. అప్పుడు గమనించండి, ముట్టుకుంటే తెలియదు, నేల మీద మోపితే దూదిలా ఉంటుంది, కానీ గిల్లితే నొప్పి తెలుస్తుంది. నా బ్లాకు వేసుకున్న రోగి ఇందుకు తలకిందులుగా చెబుతాడు. "ముట్టుకుంటున్నట్టు తెలుస్తోంది సార్, నొప్పి మాత్రం లేదు" అంటాడు. 1929లో గాసర్, ఎర్లాంగర్ ఇదే తేడాను ప్రయోగశాలలో పట్టుకున్నారు. నొక్కుడు ముందు లావు తీగలను ఆపుతుంది, కొకైన్ ముందు సన్న తీగలను ఆపుతుంది. నొప్పి నడిచేది సన్న తీగల్లో, స్పర్శా కదలికా నడిచేది లావు తీగల్లో. నరాన్ని తీగతీగగా విడదీసి చదివినందుకు ఆ ఇద్దరికీ 1944లో నోబెల్ వచ్చింది. తర్వాతి పరిశోధనలు ఈ చిత్రాన్ని ఇంకా చిక్కుపరిచాయి. తీగ లావొక్కటే కారణం కాదని ఇప్పుడు తెలుసు. అయినా రోగి మంచం పక్కన ఈ లెక్క బాగానే పనికొస్తుంది. స్పర్శ ముందు పోయి నొప్పి మిగిలితే మందు కన్నా నొక్కుడును ముందుగా అనుమానించండి.

నొక్కుడు ఎక్కువసేపు ఉంటే ఏమవుతుందన్నది చాలాకాలం వివాదంగా నడిచింది. 1944లో డెన్నీ బ్రౌన్, బ్రెన్నర్ రక్తం అందకపోవడమే కారణమన్నారు. 1972లో లండన్‌లో ఒచోవా, ఫౌలర్, గిలియట్ బబూన్ కోతుల మోకాలి చుట్టూ గాలి పట్టీ బిగించి, తర్వాత ఆ నరాన్ని ఒక్కొక్క తీగగా మైక్రోస్కోపు కింద చూశారు. పట్టీ రెండు అంచుల దగ్గరా కణుపులు తమ చోటు నుంచి జరిగిపోయి ఉన్నాయి. ఒక గ్లాసులోకి ఇంకో గ్లాసు దూరినట్టు మైలిన్ తొడుగు పక్క తొడుగులోకి దూరిపోయింది. జరిగిన దిశ ఎప్పుడూ ఒత్తిడికి దూరంగానే ఉంది. అంటే ఒత్తిడే తొడుగును తోసేసింది. ముఖ్యమైన సంగతి ఇంకొకటి. లోపలి తీగ, అంటే ఆక్సాన్, చాలావాటిలో తెగలేదు. వార్త ఆ చోట దాటలేకపోయింది, అంతే. తొడుగు తిరిగి పట్టాక వారాల్లోనో, కొద్ది నెలల్లోనో కాలు కదిలింది.

ఇదే కండక్షన్ బ్లాకు. రెండో ప్రపంచ యుద్ధపు గాయాలు చూసిన హెర్బర్ట్ సెడన్ 1943లో నరాల గాయాలను మూడుగా విడదీశాడు. తీగ నిలిచి వార్త మాత్రం ఆగింది మొదటిది, న్యూరాప్రాక్సియా. తీగ తెగి దాని గొట్టం నిలిచింది రెండోది, ఆక్సనాట్‌మెసిస్. గొట్టంతో సహా నరం తెగిపోయింది మూడోది, న్యూరాట్‌మెసిస్. 1951లో సండర్లాండ్ వీటినే ఐదు మెట్లుగా పెంచాడు. సర్జన్లకు ఐదు అవసరమే. మిగతావాళ్లం మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటి రకం దానంతటదే బాగవుతుంది. రెండోది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ వస్తుంది. మూడోది ఆపరేషన్ లేకుండా రాదు. మంచం మీద పడుకున్న రోగి కాలు మూడింట్లోనూ మొదటి రోజున ఒకేలా ఉంటుంది. పాదం లేవదు.

అలాంటప్పుడు వీటిని విడదీసేది కాలం. ఫిబ్యులా మెడకు కింద ఒకసారి, పైన ఒకసారి కరెంటు ఇచ్చి పాదం మీది చిన్న కండరం నుంచి రికార్డు చేస్తారు. కింద ఇచ్చినప్పుడు స్పందన నిండుగా వచ్చి, పైన ఇచ్చినప్పుడు కుంగిపోతే తీగలు బతికే ఉన్నాయి, మధ్యలో అడ్డుంది అని అర్థం. కానీ ఈ పరీక్షను తొందరపడి మొదటి వారంలో చేస్తే మోసం చేస్తుంది. తెగిన తీగ కింది ముక్క వెంటనే చావదు. అది ముక్కలై కరిగిపోవడాన్ని 1850లోనే అగస్టస్ వాలర్ కప్ప నాలుక నరంలో చూశాడు. కదలిక తీగల స్పందన పోవడానికి వారం వరకూ, స్పర్శ తీగలది పోవడానికి పది పదకొండు రోజుల వరకూ పడుతుంది. కండరంలో తెగుదల గుర్తులు కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నాలుగో రోజు పరీక్ష చేయించి "తీగలన్నీ బాగున్నాయి, ఇంటికి వెళ్లండి" అన్న రిపోర్టులు నేను చూశాను. మూడు వారాలు నిండాక చేసిన పరీక్షకే నిర్ణయం చెప్పే హక్కుంది. మొదటి వారంలో చేసినది పాత జబ్బేమైనా ఉందా అని చూడటానికి పనికొస్తుంది, అంతవరకే.

ఇక పిల్లల సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టేదీ, ఇవాళ మాట్లాడటానికి ఒప్పుకోవడానికి అసలు కారణమూ ఇదే.

జ్వరం వచ్చిన పిల్లవాడిని తల్లి ఊళ్లో సూదిమందు ఇచ్చే మనిషి దగ్గరికి తీసుకెళుతుంది. సూది పడకపోతే వైద్యం జరగలేదనే నమ్మకం మనలో లోతుగా పాతుకుపోయింది. పిల్లవాడిని ఒళ్లో బోర్లా పడుకోబెడతారు, పిర్ర మధ్యలో సూది పడుతుంది. ఆ వయసులో పిర్ర కండరం పలచన, దాని కింద నరం దగ్గర. పిల్లవాడు మామూలు కన్నా గట్టిగా కేక పెడతాడు. మర్నాడు లేచి నిలబడితే ఒక పాదం వేలాడుతుంది. 1970ల చివర్లో టొరంటోలో జెంటిలి, హడ్సన్ బృందం ఎలుకల తుంటి నరంలో రకరకాల మందులు వేసి చూసింది. మందు నరపు కట్ట లోపల పడితే తీగలు తీవ్రంగా దెబ్బతిన్నాయి, కట్ట బయట పడితే నష్టం చాలా తక్కువ. ఒక్కో మందుకు తీవ్రత వేరు. కాబట్టి సూది మొన ఒక్కటే కాదు, మందు రసాయనం కూడా నరాన్ని కాలుస్తుంది. ఆ తర్వాత మచ్చ కట్టి బిగుస్తుంది.

ఇలా వేలాడే కాలిని చూస్తే ముందు పోలియో గుర్తొస్తుంది. మన దేశంలో వైల్డ్ పోలియో వైరస్ ఆఖరి కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. ఆ విజయాన్ని కాపాడుకోవడానికి పదిహేనేళ్ల లోపు పిల్లల్లో హఠాత్తుగా కాలో చెయ్యో మెత్తబడితే ఇప్పటికీ రిపోర్టు చేస్తారు. 14 రోజుల్లోపు, 24 గంటల ఎడంతో రెండు మలం నమూనాలు తీస్తారు. 60 రోజులకు మళ్లీ చూస్తారు. ఆ జాబితాలో పోలియో కాని కారణాల్లో సూది దెబ్బ ఒకటి. తేడా పట్టడం కష్టం కాదు. పోలియోలో స్పర్శ చెడదు. సూది దెబ్బలో పాదం మీద, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య స్పర్శ పోతుంది, లోపలి చీలమండ దగ్గర మాత్రం ఉంటుంది. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగురుతుంది, మడమ వెనక స్నాయువు దగ్గర తడితే ఎగరదు. ఇంకో విషాదం ఏమిటంటే, పోలియో ఉన్న రోజుల్లో సూది వేసిన కాలికే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుందని 1950 ప్రాంతంలోనే బ్రిటన్, ఆస్ట్రేలియా వైద్యులు గమనించారు. సూది ఆ పిల్లలకు రెండు విధాలా చేటే చేసింది.

ఇది పూర్తిగా తప్పించగల గాయం. ప్రభుత్వ టీకాల కార్యక్రమం దారి చూపించింది. పసిపిల్లలకు పెంటావాలెంట్ టీకా తొడ ముందు పక్కన, బయటి వైపు వేస్తారు. పెద్దవాళ్లకు ధనుర్వాతం టీకా భుజానికి వేస్తారు. మన ఏఎన్ఎంలు దశాబ్దాలుగా తొడకు సూదులు వేస్తున్నారు, తుంటి నరానికి అపాయం లేకుండా. వాళ్లు చేస్తున్నది పక్క వీధిలో సూది పట్టే మనిషి ఎందుకు చేయడు? పెద్దలకు పిర్రకే వేయాల్సి వస్తే పైభాగం బయటి మూల, లేదా తుంటి పక్క భాగం. అసలు మాత్రతో పోయే జ్వరానికి సూది ఎందుకన్నది అన్నిటికన్నా ముందు ప్రశ్న.

గాయం అయిపోయాక ఏం చేయాలి? మొదటి వారంలోనే పాదాన్ని నిలబెట్టే ప్లాస్టిక్ పట్టీ వేయాలి. వేయకపోతే మడమ స్నాయువు కురచబారి, రేపు నరం తిరిగి వచ్చినా పాదం లేవదు. తల్లికి రోజూ పాదాన్ని పైకి వంచే వ్యాయామం చేయించడం నేర్పాలి. కాపడం వద్దని గట్టిగా చెప్పాలి. తిమ్మిరెక్కిన కాలికి వేడినీళ్ల కాపడం పెట్టడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. స్పర్శ లేని పాదం కాలినా తెలియదు, నరం బాగయ్యేలోపు పుండు పడుతుంది. నా బ్లాకు వేసుకుని ఇంటికెళ్లే పెద్దవాళ్లకూ ఇదే హెచ్చరిక.

మూడు వారాలకు నరాల పరీక్ష. మూడు నాలుగు నెలలకు కదలిక జాడే లేకపోతే నరాల సర్జన్ చేతికి అప్పగించాలి. ఇక్కడ ఆలస్యం అసలు పనికిరాదు. పెద్దవాడి పిర్ర నుంచి ముంగాలి కండరానికి అర మీటరు పైనే. రోజుకు ఒక మిల్లీమీటరు లెక్కన ఏడాదిన్నర ప్రయాణం. తీగ చేరేసరికి కండరం ఎండి పీచుగా మారిపోతుంది. పిల్లల కాలు పొట్టిది, వాళ్లకు ఆశ ఎక్కువ. అందుకే వాళ్ల విషయంలో "చూద్దాం, చూద్దాం" అంటూ ఏడాది గడపడం ఎక్కువ అన్యాయం. న్యూ ఓర్లీన్స్‌లో డేవిడ్ క్లైన్ నరాన్ని తెరిచి, గాయానికి ఇటూ అటూ ఎలక్ట్రోడ్లు పెట్టి, వార్త దాటుతుంటే కోయకుండా వదిలేయడం, దాటకపోతేనే కోసి అతకడం నేర్పాడు. కప్ప నరం మీద మా గురువుగారు చేయించిన పనికి థియేటర్లోని రూపం అది. పెరోనియల్ పాయ ఒక్కటే పోయి పిక్క బలంగా మిగిలితే, లోపలి కండరం స్నాయువును ముందుకు మళ్లించి పాదం లేపించే ఆపరేషన్ ఉంది. కుష్ఠు రోగుల కోసం వెల్లూరులో పాల్ బ్రాండ్, ఆయన సహచరులు దీన్ని ఎందరికో చేశారు.

మత్తు డాక్టర్లం మనం కూడా ఈ లెక్క నుంచి తప్పించుకోలేం. బ్లాకుల తర్వాత చాలాకాలం నిలిచిపోయే నరం గాయాలు పది వేలకు రెండు నుంచి నాలుగని అంతర్జాతీయ నిపుణుల అంచనా. చిన్న సంఖ్యే. అయినా ఆ ఇద్దరో నలుగురో మన రోగులే. 1977లో స్వీడన్‌లో సెలాండర్ బృందం కుందేలు తుంటి నరం మీద పొడుగు మొన, పొట్టి మొన సూదులను పోల్చి చూపించింది. పొట్టి మొన సూదులు అప్పటి నుంచే వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు అల్ట్రాసౌండ్ ఉంది. మోకాలి వెనక ప్రోబు పెట్టి రోగిని పాదం పైకీ కిందికీ ఆడించమంటే, తెర మీద నరం రెండు పాయలూ ఒకటి లేస్తే ఒకటి దిగుతూ ఊగుతాయి. మొదటిసారి చూసిన విద్యార్థి ముఖం వెలిగిపోతుంది. అయినా తెర మనకు నరం ఉన్న చోటు చూపిస్తుందే తప్ప దాని ఆరోగ్యం చూపించదు. చక్కెర జబ్బు నరం ముందే సగం దెబ్బతిని ఉంటుంది, మందుకు ఎక్కువసేపు మొద్దుబారుతుంది. ఆపరేషన్ తర్వాత పాదం లేవకపోతే నింద సూదిదే అనుకుంటారు. టూర్నికే అనే గాలి పట్టీ, బిగిసిన కట్టు, ఫిబ్యులా మెడ మీద ఒరిగిన మంచం అంచు కూడా కారణాలే. గొంతుక్కూర్చుని రోజంతా కలుపు తీసిన మనిషికి ఆపరేషన్‌కు ముందే ఆ నరం నలిగి ఉండవచ్చు. ముందే పరీక్షించి రాసుకోకపోతే ఎవరి తప్పో ఎన్నటికీ తేలదు. అంతకన్నా ముఖ్యం, ఏం చేయాలో తేలదు.

కాబట్టి ఈ సభలో ఉన్న యువ వైద్యులను, నర్సులను నేను అడిగేది చేతిలో పని. రేపటి లిస్టులో కాలికి బ్లాకు ఉన్న ప్రతి రోగినీ, సూది పట్టుకునే ముందు, పాదం పైకెత్తమని, కిందికి నొక్కమని అడగండి. బొటనవేలి సందున దూదితో తాకి చూడండి. కేసు షీటులో రాయండి. మర్నాడు ఉదయం మళ్లీ అదే చేసి, మళ్లీ రాయండి. పాదం లేవకపోతే దాచిపెట్టకండి, రోగిని కూర్చోబెట్టి మూడు వారాల సంగతి, మూడు నెలల సంగతి చెప్పండి. మీ ఊరికి వెళ్లినప్పుడు సూదిమందు ఇచ్చే మనిషి ఇంటికి ఒకసారి వెళ్లి, పిల్లలకు పిర్ర మీద సూది వేయవద్దని, తొడకు వేయమని చేయి పట్టుకుని చూపించండి.